యామన్‌పల్లి బొక్కలు పట్నంలో

(9వ తరగతి, బి సెక్షన్)



దసరా సెలవుల తర్వాత నేను వారం రోజులు ఆలస్యంగా హాస్టలుకు వచ్చిన సంగతి మీకు తెలుసు. "పట్నం పోయినవంట గదా, ఏం చూసినవ్?" అని అందరూ అడిగారు. చార్మినార్ చూడలేదు, జూపార్కు చూడలేదు అంటే నవ్వారు. నేను చూసింది ఒక్కటే. అది మన జిల్లా నుంచి పట్నం పోయిన జంతువు. దాని గురించి రాయమని సైన్సు సారు చెప్పి, ఈసారి గోడపత్రికలో మూడు కాగితాలు నాకే ఇప్పించారు. పాటలు, పొడుపు కథలు రాసినవాళ్ళు కోపం చేసుకోవద్దు, మీవి వచ్చే నెల వస్తాయి.

అసలు నేను పట్నం పోయింది మా బాపు కాలు కోసం. వానాకాలంలో ఇంటి మీద పెంకలు సర్దుతూ బాపు జారి పడ్డాడు. మోకాలి కింద బొక్క విరిగింది. తర్వాత పంజాగుట్టలో పెద్ద దవాఖానలో చూపించాము. మా పెద్దబాపు కొడుకు అన్న అమీర్‌పేటలో ఒక రూములో నలుగురితో కలిసి ఉండి కోచింగ్ తీసుకుంటున్నాడు. మేము అక్కడే దిగాము. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే పంజాగుట్ట. కానీ బాపు ఎస్కలేటర్ చూసి "ఈ మెట్లు నడుస్తున్నయి, నేను ఎక్క" అన్నాడు. అందుకని ఆటోలో పోయినాము. స్టేషన్లో లిఫ్టు కూడా ఉంటుందని మాకు మూడో రోజు దాకా తెలియదు.

దవాఖానలో డాక్టరు గారు ఎక్స్‌రే ఫిలింను వెలుగు మీద పెట్టి చూపించారు. విరిగిన చోట తెల్లగా ఒక బుడిపె లాగ ఉంది. అది కొత్తగా పుట్టిన బొక్క అట. విరిగిన రెండు కొసలను అదే పట్టుకుంటుందట. అంటే బొక్క రాయి కాదు. దానికి రక్తం అందుతుంది, అది పెరుగుతుంది, అతుక్కుంటుంది. నేను అంతవరకు బొక్క అంటే ఒంట్లో ఉన్న కట్టె లాంటిది అనుకునేవాడిని. తర్వాత చిన్న మిషనుతో పట్టీ కోసి తీసేశారు. తెల్లటి పిండి బాపు ఒడి నిండా పడింది. ఈ ఎక్స్‌రేను, ఈ తెల్ల పిండిని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాయి.

మర్నాడు ఆదివారం. అన్నకు క్లాసు లేదు. "జంతువుల మ్యూజియం పోదాం, బాపును కూడ తీస్కపోదాం, అది బాపు చూడాలె" అన్నాడు. లిఫ్టులో ఎక్కి మెట్రోలో కూర్చున్నాము. పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్, తర్వాత లకడీకాపూల్. అక్కడ దిగి ఆటోలో నౌబత్ పహాడ్ గుట్ట ఎక్కాము. నౌబత్ అంటే నగారా. పూర్వం ఆ గుట్ట మీద నగారా కొట్టి రాజుగారి హుకుములు చదివేవారట. ఇప్పుడు దాని మీద బిర్లా ప్లానిటోరియం (1985), సైన్సు మ్యూజియం (1990) ఉన్నాయి. 2000 సంవత్సరంలో డైనోసారియం అని ఒకటి కలిపారు. మేము పోయింది దానికే.

జంతువుల మ్యూజియం అంటే నేను పులి, ఎలుగుబంటి నిలబడి ఉంటాయని అనుకున్నాను. అట్లాంటి మ్యూజియాలు వేరే ఉన్నాయి. వాటిలో చచ్చిన జంతువు తోలు ఒలిచి, పురుగు పట్టకుండా మందు పూసి, ఆ జంతువు ఆకారంలో చేసిన బొమ్మకు తొడుగుతారు. పాత రోజుల్లో లోపల గడ్డి, దూది కూరేవారు. కండ్లు గాజువి. కాబట్టి అక్కడ పులిని చూశాము అంటే పులి తోలును చూసినట్టే, లోపల పులి లేదు. కప్పలను, పాములను అయితే మన సైన్సు గదిలో ఉన్నట్టు ఫార్మలిన్ సీసాలో పెడతారు. డైనోసారియంలో ఉన్నది దీనికి తలకిందులు. తోలు లేదు, కండ లేదు, ఉన్నవన్నీ బొక్కలే. పోనీ అవైనా బొక్కలా అంటే అవీ ఇప్పుడు రాళ్ళు.

గదిలోకి పోగానే అది నిలబడి ఉంది. పొడుగు మెడ, అంతకన్నా పొడుగు తోక, నాలుగు స్తంభాల్లాంటి కాళ్ళు. పక్కటెముకల కింద మన క్లాసులో సగం మందిమి కూర్చోవచ్చు. గుమ్మం దగ్గర నేను ఆగిపోయాను. బాపు మాత్రం కర్ర పట్టుకుని దగ్గరికి పోయి, వంగి, చాలాసేపు కాలి బొక్కనే చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు:

"ఇవి రాకాసి బొక్కలు గదరా."

అన్న నవ్వి, "అందుకే తెచ్చిన నిన్ను. ఇవి మన దగ్గరియే" అన్నాడు.

దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. పేరు నోరు తిరగదు గాని విడదీస్తే సులభం. సారస్ అంటే బల్లి. కోటా అనేది ప్రాణహిత అవతలి ఒడ్డున సిరోంచ వైపు ఉన్న ఊరు. ఆ ఊరి పేరు మీద అక్కడి రాతి పొరలకు కోటా పొరలు అని పేరు. యామన్‌పల్లి పాత ఆదిలాబాద్ జిల్లాలోని ఊరు, 2016లో జిల్లా నాలుగు ముక్కలు కాకముందు అందరిదీ ఒకటే జిల్లా కదా. 1970ల చివరలో ఆ ఊరి దగ్గర జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు తవ్వారు. అర ఎకరం పైచిలుకు జాగలో 800కు పైగా బొక్కలు దొరికాయి. 1988లో పి. యాదగిరి గారనే శాస్త్రవేత్త దీనికి పేరు పెట్టి ప్రపంచానికి చెప్పారు. జపానులో ఉన్నా, అమెరికాలో ఉన్నా ఈ జంతువు గురించి రాయాలంటే యామన్‌పల్లి అని రాయాల్సిందే. వేరే పేరు లేదు.

ఇంత పెద్దది కదా, ఏం తినేది అని మన వాళ్ళు మొదట అడిగేది అదే. ఆకులు అలములు. మాంసం కాదు. పొడుగు మెడ ఉన్న డైనోసార్లలో ఇది చాలా పాతకాలం రకం. వీటి తర్వాత వచ్చిన వాటిలో ఇంతకన్నా మూడింతలు పెద్దవి ఉన్నాయి. అందుకే శాస్త్రవేత్తలకు ఇది ముఖ్యం. అంత పెద్దవి మొదట ఎట్లా ఉండేవో దీని నడుము బొక్కలో, కాలి బొక్కలో కనబడుతుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, చాలామంది చూసి కూడా తెలుసుకోరు. ఆ నిలబడిన ఎముకల గూడు ఒక్క జంతువుది కాదు. యామన్‌పల్లిలో దొరికిన బొక్కలు కనీసం 12 జంతువులవి, పెద్దవీ పిల్లలవీ కలిసిపోయి ఉన్నాయి. వాటిలో నుంచి ఏరి, ఇనుప కడ్డీల ఆధారంతో ఒకటి నిలబెట్టారు. ఇంకో విచిత్రం, అన్ని బొక్కలు దొరికినా తల దొరకలేదు. పండ్లు ఒకటి రెండు దొరికాయి అంతే. తల బొక్కలు పలుచగా ఉంటాయి, మెడకు గట్టిగా అతికి ఉండవు, కాబట్టి నీళ్ళలో తొందరగా ఊడి కొట్టుకుపోతాయి. అక్కడ మనకు కనబడే తల ఇతర డైనోసార్లను చూసి తయారుచేసి పెట్టినది. నాకు ఇది తెలిసిన తర్వాత దాని మీద గౌరవం తగ్గలేదు. కాని అందరూ ఫోటో తీసుకునేది మాత్రం ఆ తల దగ్గరే.

మరి బొక్క రాయి ఎట్లా అయింది? చచ్చిన జంతువు అడవిలో పడితే ఏమవుతుందో మనకు తెలుసు. నక్కలు, రాబందులు, చీమలు. కొన్నేండ్లకు బొక్క కూడా పొడి అవుతుంది. కానీ అది చెరువులోనో వాగు పక్కనో పడి, వరద వచ్చి వెంటనే మీద ఒండ్రు కప్పితే వేరే కథ. కండ కుళ్ళిపోతుంది, బొక్క మిగులుతుంది. దాని మీద ఏటేటా ఇంకా ఒండ్రు పడుతుంది. బొక్క లోపల కంటికి కనబడని రంధ్రాలు ఎన్నో ఉంటాయి కదా, భూమిలోని నీళ్ళు వాటిలో ఊరి, నీళ్ళలో కరిగిన సున్నం, ఇసుక సారం, ఇనుము అక్కడ పేరుకుంటాయి. అట్లా లక్షల సంవత్సరాలు. చివరికి బొక్క ఆకారం బొక్కదే, బరువు రాయిది. తవ్వేవాళ్ళు చిన్న ముక్క రాయా బొక్కా అని తెలియకపోతే నాలుకకు ఆనించి చూస్తారట. బొక్క రంధ్రాల వల్ల నాలుకకు అంటుకుంటుంది, మామూలు రాయి అంటుకోదు. (దయచేసి మన హాస్టలు వెనక ఉన్న రాళ్ళ మీద ఈ ప్రయోగం చేయకండి. ఎందుకో మీకే తెలుసు.)

ఇప్పుడు బాపు ఒడిలో పడిన తెల్ల పిండి. తవ్వినప్పుడు ఈ రాతి బొక్కలు పైకి తీస్తే పగిలిపోతాయి. అందుకని చుట్టూ మట్టి తీసి, మీద కాగితం కప్పి, గోనెసంచి పట్టీలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచి కడతారు. ఆరిన తర్వాత ఎత్తుతారు. మనిషి విరిగిన కాలుకు కట్టినట్టే. అన్న ఇది చెబితే బాపు తన కాలు చూసుకుని, "అయితే నాకు కట్టింది దీనికి గూడ కట్టిండ్రా" అని చాలా సంతోషపడ్డాడు. తేడా ఒకటే, బాపు బొక్క అతుక్కుంటుంది, దానిది అతుక్కోదు. ఒకసారి పగిలితే పగిలినట్టే.

ఇవి ఎంత పాతవి అంటే సుమారు 17, 18 కోట్ల సంవత్సరాలు. ఈ అంకె నాకు తలకెక్కలేదు. అప్పుడు అన్న నోటుబుక్కు తీసి లెక్క చెప్పాడు. ఒక కాగితం వెయ్యి సంవత్సరాలు అనుకోండి. 18 కోట్లకు 1,80,000 కాగితాలు. వంద కాగితాలు కలిపితే ఒక సెంటీమీటరు మందం. మొత్తం దొంతర 18 మీటర్లు, అంటే తాటిచెట్టంత. జోడేఘాట్‌లో కొమురం భీము చనిపోయిన 1940 ఆ చెట్టు మీద ఎక్కడుంది? అన్నింటికన్నా పైన ఉన్న ఒకే ఒక్క కాగితం మందంలో పదో వంతు కూడా కిందికి దిగదు.

అయితే ఇవి మన దగ్గరే ఎందుకు దొరికాయి, పట్నంలో ఎందుకు దొరకవు అని నేను అడిగాను. మ్యూజియం ఉన్న గుట్టనే చూడమన్నాడు అన్న. పట్నం గుట్టలన్నీ గ్రానైటు. భూమి లోపల కరిగిన రాయి చల్లారి గడ్డకట్టి అయినవి, సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. అప్పుడు బొక్కలున్న జంతువే లేదు. ఉన్నా కరిగిన రాయిలో ఏం మిగులుతుంది? మన ప్రాణహిత, గోదావరి లోయ అట్లా కాదు. అక్కడ భూమి కుంగి, నదులు కోట్ల సంవత్సరాలు ఇసుక, ఒండ్రు తెచ్చి నింపాయి. అడుగున ఉన్న పాత పొరల్లో అడవులు పూడి బొగ్గు అయ్యాయి. బెల్లంపల్లిలో, మందమర్రిలో సింగరేణి వాళ్ళు తవ్విన బొగ్గు అదే. ఆ బొగ్గు కోటాసారస్ కన్నా దాదాపు పది కోట్ల సంవత్సరాలు పాతది. పై పొరల్లో కోటాసారస్ ఉంది.

ఈ పొరల సంగతి నాకు అమీర్‌పేటలోనే బాగా అర్థమైంది. అక్కడ గోడ కనబడదు, అన్నీ కోచింగ్ పోస్టర్లే. మెట్రో స్తంభాలకు కూడా అంటిస్తారు. ఒక మూల చిరిగితే కింద పోయిన ఏడాది బ్యాంకు పరీక్ష పోస్టరు, దాని కింద ఇంకా పాత కంప్యూటరు కోర్సుది, దాని కింద సినిమాది. కిందిది పాతది, పైది కొత్తది. తారీఖు లేకపోయినా వరుస చూసి చెప్పవచ్చు. కాని ఎవడైనా ఒక పోస్టరు ముక్క చింపి చేతిలో పెట్టి "ఇది ఎప్పటిది?" అంటే చెప్పలేము. రాతి బొక్క కూడా అంతే. అది ఏ పొరలో, దేని పైన, దేని కింద ఉందో తెలిస్తేనే దాని వయసు తెలుస్తుంది. తీసి ఇంటికి తెస్తే అది ఒట్టి రాయి. ఈ మాట అన్న చెప్పినప్పుడు నాకు గుండె దడ దడ కొట్టుకుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

మన లోయలో దొరికినది ఇదొక్కటే కాదు. 1851లోనే కోటా దగ్గరి సున్నపురాయిలో దొరికిన చేపకు ఒక ఇంగ్లీషాయన పేరు పెట్టాడు, పేరులో దక్కన్ అని కలిపాడు. ఈ లోయలోనే దొరికిన బరాపాసారస్ అనే ఇంకో పెద్ద డైనోసారు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబడి ఉంది. బెంగాలీలో బరా పా అంటే పెద్ద కాలు. దాని తొడ బొక్క ఒక్కటే మన పీఈటీ సారంత ఎత్తు. 1975లో పేరు పెట్టి, వెనకాల రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు కూడా తగిలించారు. పెద్దవే కాదు, కోటా పొరల మట్టిలో నువ్వుగింజ లాంటి పండ్లు కూడా దొరికాయి. అవి ఎలుక లాంటి చిన్న పాలిచ్చే జంతువులవి. డైనోసార్ల కాళ్ళ కింద తిరిగినవి. 1981లో ఒకదానికి కోటాథీరియం అని పేరు పెట్టారు. అంత చిన్న పన్ను ఎట్లా దొరుకుతుంది అంటే మట్టిని నీళ్ళలో కడిగి జల్లెడ పడతారు. మా అవ్వ కంకుల్లో రాళ్ళు ఏరినట్టు.

పుస్తకంలో చూస్తే ఈ పొరలన్నిటికీ కలిపి పేరు గోండ్వానా. ఇది సైన్సు సారు హాస్టలుకు వచ్చిన తర్వాత చెప్పారు. మెడ్లికాట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లో మన గోండుల నేల పేరును ఈ రాళ్ళకు పెట్టాడు. తర్వాత 1885లో ఆస్ట్రియా దేశపు ఎడ్వర్డ్ స్యూస్ ఇండియా, ఆఫ్రికా లాంటి భూములన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవని రాసి ఆ పెద్ద భూమికి గోండ్వానాలాండ్ అన్నాడు. అంటార్కిటికా మంచు కింద ఉన్న రాయి గురించి రాసేవాడు కూడా మన పేరు రాస్తున్నాడు. (కోలాం, నాయక్‌పోడ్ మిత్రులు కోపం చేసుకోవద్దు, పేరు పెట్టింది నేను కాదు.)

ఇప్పుడు నా గుండె దడ సంగతి. రెండేండ్ల కింద ఎండాకాలంలో మా ఊరి వాగు గడ్డ కూలి, ఎర్ర మట్టిలో నుంచి ఒక పొడుగు రాయి బయట పడింది. మోచేయి నుంచి వేళ్ళ కొస దాకా అంత పొడుగు, రెండు కొసలూ లావు, నడుమ సన్నం. మా తాత చూసి "రాకాసి బొక్క, ముట్టకుండ్రి" అన్నాడు. మా వైపు పెద్దలు అట్లాంటి రాళ్ళను అదే అంటారు, పూర్వం చచ్చిన రాకాసులవని. తాత అటు పోగానే నేను, మా తమ్ముడు గొడ్డలి మడమతో కొట్టి పగలగొట్టాము. లోపల ఏముందో చూద్దామని. బయట నున్నగా ఉంది, లోపల తేనెతెట్టె లాగ సన్న రంధ్రాలు. బంగారం లేదని ముక్కలన్నీ నీళ్ళలోకి విసిరాము, ఎవరిది దూరం పోతుందో అని. తమ్ముడే గెలిచాడు.

డైనోసారియంలో ఒక పక్క చిన్న శిలాజాలు కూడా పెట్టారు. అక్కడ విరిగిన బొక్క కొస ఒకటి ఉంది. లోపల తేనెతెట్టె.

నేను బాపుకు చెప్పలేదు. రాత్రి అమీర్‌పేట రూములో లైటు తీసిన తర్వాత అన్నకు చెప్పాను. అన్న తిట్టలేదు. "అది బొక్కేనో, రాయైన కట్టెనో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, ముక్కలు లేవు గద" అన్నాడు. మన ప్రాంతంలో చెట్లు కూడా రాళ్ళయి ఉంటాయి. తిడితేనే బాగుండేది. మా తాతకు డైనోసారు అంటే ఏమిటో తెలియదు, కాని ముట్టకుండ్రి అన్నాడు. నేను ఏడో తరగతి సైన్సులో డెబ్బై మార్కులు తెచ్చుకుని గొడ్డలి తీసుకున్నాను.

ఊరికి రాగానే వాగుకు పోయి వెతికాను. రెండు వానలు వచ్చి పోయాయి. ఒకే ఒక్క ముక్క దొరికింది, బొటనవేలంత. అది ఇప్పుడు సైన్సు గదిలో అగ్గిపెట్టెలో ఉంది. గడ్డ కూలిన చోటు మాత్రం అట్లాగే ఉంది, ఆ ఎర్ర మట్టి పొర కూడా. దాని బొమ్మ గీసి, పక్కన ఉన్న మద్దిచెట్టు నుంచి ఎన్ని అడుగులో కొలిచి రాశాను. సంక్రాంతి సెలవుల్లో సైన్సు సారు వచ్చి చూస్తాను అన్నారు. వార్డెన్ సారు పర్మిషన్ ఇస్తే ఇద్దరు మిత్రులు కూడా రావచ్చు. గొడ్డలి తేవద్దు.

ఈ కాగితం కింద దారంతో పెన్సిలు కట్టి ఉంది. మీ ఊరి వాగులోనో చేనులోనో పెద్దలు రాకాసి బొక్క అనేది ఏదైనా ఉంటే ఊరి పేరు, చోటు పేరు, ఎవరు చూపించారో ఇక్కడ రాయండి. రాయి తేవద్దు, పేరు చాలు. మొదటి పేరు మా ఊరిది నేనే రాశాను.